చెవులతో చూసిన సినిమాలు

(చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్లు కలుసుకున్నప్పుడు, డబ్బింగ్ రంగంలో చాలాకాలం పనిచేసిన ఒక కళాకారిణి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి నాయనా. చాలు, చాలు.

ఈ మధ్య చూసిన సినిమాల గురించి తోచింది చెప్పమన్నారు. తోచిందే చెబుతాను. అయితే నేను సినిమా చూసే పద్ధతి వేరు, అది ముందే చెప్పాలి. నా బతుకంతా కోడంబాక్కం, సాలిగ్రామం డబ్బింగ్ థియేటర్లలో గడిచింది. చీకటి గది, ఎదురుగా తెర, మూతి దగ్గర మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. తెర మీద ఎవరో ఏడుస్తారు, ఆ ఏడుపు మనం ఏడవాలి. హీరోయిన్ స్నేహితురాలికి డబ్బింగ్ చెప్పాను, పక్కింటి పిన్నికి చెప్పాను, బస్సులో చిల్లర కోసం గొడవపడే ఆవిడకి చెప్పాను. పెళ్లి సీను వస్తే అయిదారుగురం ఒకే మైకు చుట్టూ నిలబడి పందిరి గోలంతా చేసేవాళ్లం. అందుకని సినిమాహాల్లో కూర్చుంటే నాకు కన్ను కంటే చెవి ముందు పనిచేస్తుంది. ఫైటు బాగుందా, లొకేషన్ బాగుందా అని నన్ను అడగొద్దు. ఎవరి గొంతు ఎలా ఉంది, ఎక్కడ ఆగారు, ఎక్కడ ఆగకుండా వాగారు, అది అడగండి.

గత ఏడాది రెండేళ్లలో చూసినవి నెమరేసుకుంటే నాకు ఒకటి తోచింది. మనసులో మిగిలిన సినిమాలన్నీ మనల్ని విననిచ్చిన సినిమాలు. మనకు నోరెత్తే అవకాశం, ఊపిరి తీసుకునే అవకాశం ఇవ్వకుండా హోరెత్తించినవన్నీ ఇంటికొచ్చేసరికి పోయాయి. ఎంత ఖర్చుపెట్టి తీసినా సరే.

మొదట ‘సత్యం సుందరం’. మనం చెన్నైలో ఉండటంలో ఒక సుఖం ఉంది, ఏ సినిమా అయినా రెండు భాషల్లోనూ చూడొచ్చు. 2024 సెప్టెంబరులో ఇది తమిళంలో ‘మెయ్యళగన్’ అని వచ్చింది, వెంటనే తెలుగులోనూ వచ్చింది. నేను రెండూ చూశాను. ‘96’ తీసిన ప్రేమ్‌కుమార్ దర్శకుడు. కథ ఏముంది? ఆస్తి తగాదాలో ఇల్లు పోయి, ఊరొదిలి వెళ్లిపోయిన కుటుంబంలోని కుర్రాడు, 22 ఏళ్ల తరవాత పెళ్లికని ఊరొస్తాడు. అరవింద్ స్వామి. అక్కడ ఒకతను బావా బావా అంటూ వెంటపడతాడు, అన్నం పెడతాడు, నీళ్లందిస్తాడు, రాత్రికి ఇంటికి తీసుకుపోతాడు. కార్తి. ఇతనికి మాత్రం అతనెవరో గుర్తు రాదు. పేరు అడగడానికి మొహం చెల్లదు. అంతే కథ! పేరు అడగలేకపోవడం. దాని మీద మూడు గంటలకు కాస్త తక్కువ సినిమా నిలబెట్టాడు.

అందులో పెళ్లి వేదిక మీద సీను ఒకటుంది. పెళ్లికూతురు చెల్లెలి వరస. ఎప్పుడో చిన్నపిల్లగా చూసిన అమ్మాయి. ఇతను తెచ్చిన కానుక ఏమిటో అక్కడే విప్పి చూస్తుంది, అక్కడే పెట్టమంటుంది. ఆయన వంగి కూర్చుని కాళ్లకి పట్టీలు పెడతాడు. నేను ఆ సీనులో చూసింది పట్టీలు కాదండీ. ఊపిరి విన్నాను. మనిషి మాట్లాడబోయే ముందు ఊపిరి తీసుకుంటాడు. ఏడుపు ఆపుకునేవాడు ఊపిరి సగంలో బిగబడతాడు. డబ్బింగుకి కొత్తగా వచ్చే పిల్లలకు మేం మొదట నేర్పేది అదే: పెదవి కలిస్తే చాలదు, ఊపిరి కలవాలి. పెదవి కలిసి ఊపిరి కలవకపోతే జనానికి కారణం తెలియదు గానీ ‘ఏదో డబ్బింగ్ సినిమాలా ఉంది’ అంటారు. ఆ వేదిక మీద చుట్టూ పెళ్లి సందడి ఉంటుంది, దాని కిందనుంచి ఆ అన్నాచెల్లెళ్ల ఊపిరి వినపడుతుంది. సందడిని ఎంత తగ్గించాలో, ఎంత ఉంచాలో తెలిసినవాడు మాటనీ, సంగీతాన్నీ, చప్పుళ్లనీ కలిపి మిక్స్ చేశాడు. పూర్తిగా తగ్గిస్తే నాటకం అయిపోతుంది. ఉంచేస్తే ఊపిరి పోతుంది.

కార్తి తెలుగు తనే చెప్పుకుంటాడు, మీకు తెలిసిందే. ఆ ఆపకుండా మాట్లాడే పాత్రకి అదే ప్రాణం. వాగుడుకాయ పాత్రకి వేరే గొంతు పెడితే పది నిమిషాలకు మొహం మొత్తుతుంది. ఆ రాత్రి మాటలు, పాత సైకిలు గురించి చెప్పే మాటలు... ఆ సైకిలు ఏమిటో చూడనివాళ్లకి చెప్పను, చూడండి. అతను ఎంత మాట్లాడితే ఎదుటివాడు అంత మౌనమైపోతాడు. ఆ మౌనానికి కారణం మనకొక్కరికే తెలుసు. అందుకే ఆ వాగుడంతా మనం చెవులు రిక్కించి వింటాం.

నాకు కష్టం కలిగించింది ఒకటుంది. తమిళంలో విడుదలైన కొద్ది రోజులకే నిడివి ఎక్కువైందని 18 నిమిషాలు తీసేశారు. మొదటివారం చూసినవాళ్లకి ఒక సినిమా, తరవాత వెళ్లినవాళ్లకి ఒక సినిమా. నిదానంగా ఉండటమే దాని గుణం అయినప్పుడు, నిదానంగా ఉందని కోస్తే ఎలా? జల్లికట్టు ఎద్దు ముచ్చట తీసినా, చరిత్ర ముచ్చట తీసినా కథకు నష్టం లేదని అనుకుని ఉండొచ్చు. కథకు లేకపోవచ్చు. ఆ రాత్రికి నష్టం. తెల్లవార్లూ మాట్లాడుకున్న రాత్రి అని మనకు అనిపించాలంటే మనమూ కాసేపు కూర్చోవాలి కదా.

రెండోది ‘టూరిస్ట్ ఫ్యామిలీ’. 2025 మే 1న వచ్చింది. అభిషన్ జీవింత్ అనే చాలా చిన్న వయసు కుర్రాడికి మొదటి సినిమా. శశికుమార్, సిమ్రన్. శ్రీలంకలో బతకలేక ఒక కుటుంబం పడవెక్కి రామేశ్వరం వస్తుంది, అక్కణ్నుంచి మన చెన్నైలో ఒక కాలనీలో ఇల్లు తీసుకుని దిగుతారు. వాళ్లు తమిళులే. మాట్లాడేది తమిళమే. కానీ ఆ యాసతో నోరు తెరిస్తే దొరికిపోతారు. అందుకని ఊరి గురించి ఎవరైనా అడిగితే కేరళ అని చెబుతారు.

ఇది మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది చెప్పండి! ఈ హాల్లో ఎంతమంది ఇళ్లల్లో ఒకటి, వీధిలో ఒకటి మాట్లాడతారు? కూరగాయల బండి దగ్గర తమిళం. ఫోనులో అమ్మ పలికితే నెల్లూరో, చిత్తూరో, శ్రీకాకుళమో, అదొచ్చేస్తుంది. అది వచ్చేసరికి పక్కనున్నవాళ్లు ఒకసారి తలెత్తి చూస్తారు. మనకు ప్రాణభయం లేదు, ఊళ్లో ఎవరూ మనల్ని వెళ్లిపొమ్మనడం లేదు. వాళ్లది చావు బతుకుల సమస్య. కానీ గొంతు దాచుకోవడం అనేది ఎంత అలసటో మనకు తెలుసు. శశికుమార్ ఎదుటివాళ్లు అడిగిన ప్రతిసారీ జవాబుకి ముందు ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో మనిషి తన మాటను తానే తడిమి చూసుకుంటాడు, ఏదైనా బయటపడుతుందా అని. ఆ ఆగడం గొప్పగా చేశాడు. చివర్లో ఆ యాస ఏం పని చేస్తుందో అది కూడా చెప్పను.

ఇందులో నాకు ఇంకో సంతోషం ఉంది. కాలనీలో ఉండే పెద్దావిడ పాత్ర, మంగయర్కరసి. ఆ పాత్ర వేసింది శ్రీజా రవి గారు. ఎందరో హీరోయిన్లకి గొంతు ఇచ్చిన మనిషి ఆవిడ. దక్షిణాదిలో ఆవిడ గొంతు వినని ఇల్లు ఉండదు, మొహం గుర్తుపట్టే ఇల్లూ ఉండదు. అటువంటి మనిషిని తెరమీద నిండుగా చూస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మా వాళ్లం ఎవరు తెరమీద కనపడినా నాకు అలాగే ఉంటుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. కాలనీలో అందరూ అంత మంచివాళ్లు ఒక్కచోట దొరకరు. రెండో సగంలో ప్రతివాడూ మంచివాడైపోతుంటే కాస్త తీపి ఎక్కువైంది. అయినా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీలో చాలామంది చూసి ఉండరు. ‘కొట్టుక్కాళి’. 2024 ఆగస్టులో వచ్చింది, పి.ఎస్. వినోద్‌రాజ్ దర్శకుడు, శివకార్తికేయన్ నిర్మాత. సూరి, అన్నా బెన్. బెర్లిన్ చిత్రోత్సవంలో వేశారు. ఆ సినిమాలో నేపథ్య సంగీతం లేదు. తక్కువగా ఉండటం కాదు, లేనే లేదు. ఆటో ఇంజను, చెప్పుల చప్పుడు, గాలి, కోడిపుంజు. మీనా అనే అమ్మాయి వేరే కులం అబ్బాయిని ఇష్టపడింది. ఇంట్లోవాళ్లు ఆ అమ్మాయికి ఏదో పట్టిందని నమ్మి, దాన్ని వదిలించడానికి ఒక సామి దగ్గరికి ఆటోలో, బళ్ల మీద బయలుదేరుతారు. పెళ్లాడాల్సిన మేనమామ సూరి.

సూరి గొంతు గురించి చెప్పాలి. ఆ పాత్రకి గొంతు పోయి ఉంటుంది. మెడకు సున్నం రాసుకుని ఉంటాడు. గీరుకుపోయిన గొంతు. అంత అధికారం, అంత కోపం ఉన్న మగవాడికి అరవడానికి గొంతు లేదు! ఆ అమ్మాయికి గొంతు ఉంది, ఆమె మాట్లాడదు. సినిమా అంతా దాదాపు నోరు విప్పదు. ఇంకేం చెప్పాలి దర్శకుడి గురించి. మా పనిలో గొంతు బొంగురు పెట్టడం చాలా కష్టం, పది నిమిషాలు చేస్తే మర్నాడు పని ఉండదు. అది సినిమా పొడుగునా పట్టుకున్నాడు ఆయన.

దారిలో ఒక ఎద్దు అడ్డంగా నిలబడుతుంది. ఇంతమంది మగవాళ్లు బళ్లు దిగి నిలబడతారు, దాన్ని కదిలించలేరు. ఒక చిన్నపిల్ల వచ్చి దాన్ని తీసుకుపోతుంది. సంగీతం ఉంటే అక్కడ మనకు చెప్పేసేవాళ్లు, ఇదుగో ఇక్కడ నవ్వండి, ఇదుగో ఇక్కడ ఆలోచించండి అని. ఎవరూ చెప్పలేదు కాబట్టి హాల్లో ఒకడు నవ్వాడు, ఒకడు ఊరుకున్నాడు. ముగింపు నచ్చలేదని, అర్ధాంతరంగా ఆపేశాడని మా ఇంట్లోనే గొడవ జరిగింది. నాకు నచ్చింది. సూరి ఏం చేయాలో మనకు వదిలేశాడు.

ఇక హోరు గురించి.

(ఒకరు: ‘కంగువ’ గురించి చెప్పండమ్మా!)

వస్తున్నా బాబూ, అక్కడికే వస్తున్నా. 2024 నవంబరు 14న ‘కంగువ’ వచ్చింది. మొదటి ఆట నుంచే జనం చెవులు పోతున్నాయన్నారు. నిర్మాత జ్ఞానవేల్ రాజా తనే బయటికొచ్చి, థియేటర్లవాళ్లని సౌండు రెండు పాయింట్లు తగ్గించమని అడిగానన్నారు. ఆ రెండు పాయింట్లు ఏమిటో ఎవరూ వివరంగా చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే మీరు హాల్లో పడే బాధ మొత్తం అక్కడే ఉంది.

ప్రొజెక్షన్ రూములో డాల్బీ సౌండ్ ప్రాసెసరు ఉంటుంది. దాని మీద 0 నుంచి 10 దాకా అంకెలు. సినిమా మిక్స్ చేసే థియేటర్లో ఇంజినీరు దాన్ని 7 దగ్గర పెట్టుకుని మిక్స్ చేస్తాడు. ప్రపంచమంతా అదే ప్రమాణం. మీ హాల్లోనూ 7 మీద వేస్తే ఆయన విన్నదే మీరు వింటారని లెక్క. ఇప్పుడు ఏం జరుగుతుంది? సినిమా గట్టిగా ఉందని ప్రేక్షకుడు గొడవ చేస్తాడు. ఆపరేటరు 5కి దించుతాడు. రెండు పాయింట్లంటే సుమారు 6, 7 డెసిబెల్స్, తక్కువేం కాదు. దించితే సంగీతం ఒక్కటే దిగదు కదా, మాటా దిగుతుంది. అప్పుడు మాట వినపడలేదని ఇంకో గొడవ. తరవాతి సినిమా మిక్సింగులో నిర్మాత, దర్శకుడు వచ్చి కూర్చుని ‘హాల్లో ఎలాగూ తగ్గిస్తారు, మీరు పెంచేయండి’ అంటారు. వీళ్లు పెంచుతారు. వాళ్లు ఇంకా దించుతారు. ఈ పోటీలో నలిగిపోయేది ఎవరు? నటుడి మాట. దాంతోపాటు మన చెవి.

‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఆ సమయంలో ఇదే బాధపడ్డారు. ఈ హోరు పోటీకి సౌండ్ ఇంజినీరుని ఒక్కణ్ని తప్పుపట్టడం న్యాయమా, చివరి నిమిషంలో ధైర్యం చాలక చేయించే మార్పుల మాటేమిటి అని. ఆయన అన్నది అక్షరాలా నిజం. అవన్నీ నా కళ్లెదుట జరిగాయి. సీను ఆడటం లేదని అనుమానం వచ్చిందనుకోండి, దాన్ని మళ్లీ తీయడానికి డబ్బు లేదు, టైము లేదు. ‘మ్యూజిక్ లేపండి’ అంటారు.

‘కల్కి 2898 ఏడీ’ కూడా చూశాను. అశ్వత్థామగా అమితాబ్ గారు లేచి నిలబడ్డప్పుడు నేనూ నిటారుగా కూర్చున్నాను. ఆ ఊహ గొప్పది, మనవాళ్లు అంత ఊహించడం నాకు గర్వమే. మాటలు మాత్రం నాకు సగం మిగల్లేదు. ఇంతకంటే చెప్పను దాని గురించి.

సంగీతానికి నేను వ్యతిరేకిని అనుకోకండి. ‘బలగం’ మొన్న మళ్లీ చూశాం ఇంట్లో. 2023 మార్చిలో వచ్చింది, వేణు ఎల్దండి దర్శకుడు. కొమురయ్య అనే పెద్దాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇంట్లో పగలున్నాయి. కొడుక్కి, అల్లుడికి ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. కారణం? భోజనాల దగ్గర నల్లి బొక్క! మాంసంలో ఒక ఎముక ముక్క. మా అత్తగారికి ఇది చెబితే ‘అంతకంటే చిన్నదానికి మన ఇంట్లో విడిపోయారు’ అన్నారు. ఇది నిజం కాని ఇల్లు ఏదీ ఉండదు.

ఆ సినిమా మొత్తం కరీంనగర్ వైపు మాట. నాకు ఆ మాట రాదు, మాట్లాడమంటే మాట్లాడలేను. అయినా ఒక్క ముక్క జారిపోలేదు, ఎందుకంటే ఎవరూ దాన్ని ప్రదర్శనకి పెట్టలేదు. ఒకప్పుడు మా డబ్బింగ్ థియేటర్లలో తెలంగాణ మాట అంటే పనివాళ్లకీ, రౌడీలకీ, నవ్వించేవాళ్లకీ మాత్రమే. రాయలసీమ మాట అంటే కత్తి పట్టుకున్నవాడికి. శ్రీకాకుళం మాట అంటే అమాయకుడికి. అలా రాసి ఇచ్చేవాళ్లు, అలా చెప్పేవాళ్లం. ‘బలగం’లో ఏడ్చేవాళ్లు, కోప్పడేవాళ్లు, ప్రేమించేవాళ్లు, అప్పులవాళ్లు, అందరిదీ అదే మాట. నాకు అది చాలా పెద్ద సంగతి.

చివర్లో బుడగజంగాల పాట వస్తుంది. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడారు. చచ్చిపోయినాయన బతుకు మొత్తం పాటలో చెబుతారు. స్టూడియోలో పాలిష్ పెట్టిన గొంతులు కావవి. ఊరూరా తిరిగి పాడిన గొంతులు, పైకి వెళ్తే చిరిగిపోతుందేమో అనిపించే గొంతులు. చుట్టూ కుటుంబమంతా కూర్చుని వింటుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, క్షమించమని అడగరు, వింటారు అంతే. వింటూ వింటూ కరిగిపోతారు. తెలంగాణలో ఊళ్లకి ఊళ్లు బయట తెర కట్టుకుని ఈ సినిమా చూశాయి. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు. ఆ గొంతు ఉన్నప్పుడే రికార్డు చేసిపెట్టినందుకు వేణుకీ, సంగీతం చేసిన భీమ్స్‌కీ దండం పెట్టాలి.

అందులో హీరో ప్రియదర్శి. ఇతన్ని నేను వరసగా మూడింట్లో విన్నాను. ‘బలగం’లో అప్పులపాలైన మనవడు. ‘35 చిన్న కథ కాదు’లో లెక్కల మాస్టారు. ‘కోర్ట్’లో లాయరు. మాస్టారిగా గొంతులో తడి లేకుండా చేశాడు. ఆ పొడి గొంతుతో పిల్లవాణ్ని ‘జీరో’ అని పిలుస్తుంటే నాకే కోపం వచ్చింది. లాయరుగా మొదట్లో మాట మింగుతాడు, సీనియరు ముందు వాక్యం పూర్తిచేయడు. కేసు ముందుకు పోయేకొద్దీ వాక్యాలు పూర్తవుతాయి. మీరు మళ్లీ చూస్తే గమనించండి.

‘కోర్ట్’ 2025 మార్చిలో వచ్చింది. 2013లో విశాఖపట్నంలో జరిగే కథ. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పదిహేడేళ్ల అమ్మాయి. అమ్మాయి ఇంటి పెద్దమనిషి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కుర్రాణ్ని ఇరికిస్తాడు. శివాజీ చేసిన మంగపతి పాత్ర ఉంది చూశారూ, ఆయన అరిచినప్పుడు నాకు భయం వేయలేదు. అరవబోయే ముందు మెల్లగా మాట్లాడతాడే, అప్పుడు ఇంట్లో ఆడవాళ్లంతా కదలకుండా నిలబడతారు. అటువంటి ఇళ్లు నేను చూశాను, మీరూ చూశారు.

అయినా రెండు మాటలు అనాలి. ఒకటి, కోర్టు సీన్లలో లాయరు వాదన పూర్తికాకముందే సంగీతం తీర్పు చెప్పేస్తుంది. ప్రశ్న అడిగాక సాక్షి మొహం చూస్తూ మనం ఒక్క క్షణం ఎదురుచూడాలి కదా. ఆ క్షణం ఇవ్వరు. రెండోది ఇంకా ముఖ్యం. కుర్రాడి బాధ మనకు నిండా తెలుస్తుంది. ఆ అమ్మాయి మనసులో ఏముందో, ఇంట్లో తలుపు వేసి ఉంచిన రోజుల్లో ఏమనుకుందో మనకు తెలిసింది చాలా తక్కువ. కథంతా ఆ అమ్మాయి గురించి. ఆ అమ్మాయి గొంతు ఇంకా వినాలనిపించింది నాకు. పోక్సో చట్టం 2012లో పిల్లల రక్షణకి వచ్చింది, దాని అవసరం ఎంతో ఉంది. సినిమా చూసి చట్టమే తప్పని అనుకునేవాళ్లు ఉంటారు, పిల్లలతో కలిసి చూసేవాళ్లు ఆ మాట కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

ఇంకో సంగతి త్వరగా చెప్పేస్తాను. ‘ప్రేమలు’ తెలుగులో చూశారు కదా? హైదరాబాదులో ఉండే మలయాళీ పిల్లల కథ. తెలుగు మాటలు ఆదిత్య హాసన్ రాశాడు. పిల్లలు నవ్వుతుంటే నేను పెదవులు చూశాను, అలవాటు కొద్దీ. పెదవికి అందేలా రాస్తూ, ఈ కాలం కుర్రాళ్లు మాట్లాడినట్టే రాయడం ఎంత కష్టమో! ‘ఆ’ అని నోరు తెరిచిన చోట ‘ఊ’ పెట్టలేం, పెదవులు మూసిన చోట ‘ప’నో ‘మ’నో పడాలి, అదే టైములో జోకు పేలాలి. డబ్బింగ్ రచయిత పేరు పోస్టరు మీద వెతికితే దొరకదు. దొరకాలి.

ఇది ఈ ఊళ్లో పుట్టిన పని కాబట్టి ఒక పాత సంగతి. వడపళనిలో విజయా వాహినీ స్టూడియో ఉన్న స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది, దాంట్లో సినిమాహాళ్లున్నాయి. మనం అక్కడికెళ్లి తెలుగు సినిమా చూస్తాం. 1957లో విజయావాళ్లు ‘మాయాబజార్’ తీశారు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు చేసిన ‘అహ నా పెళ్లంట’ వినండి ఇంటికెళ్లి. సుశీలమ్మ గొంతు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఘంటసాల గారి గొంతు దూకుతుంది. మొహం ఆడపిల్లది, గొంతు రాక్షసుడిది! సావిత్రి గారు ఆ క్షణంలో భుజాలు మార్చేస్తారు, రంగారావు గారే లోపల ఉన్నట్టు. గొంతు ముందు, ఒళ్లు తరవాత. నటన అంటే అది. గ్రాఫిక్స్ లేవు, ఒక్క గొంతు మార్పుతో మాయ చేశారు.

ఇంకేమైనా అడగాలంటే అడగండి, నీళ్లు తాగుతాను.

(ప్రశ్న: పిల్లలతో కలిసి చూడటానికి వీటిలో ఏది చెబుతారమ్మా?)

‘35’. తిరుపతిలో జరిగే కథ. సున్నాకి విలువ లేదన్నప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని ఆ పిల్లవాడు అడుగుతాడు. మాస్టారికి జవాబు చెప్పే ఓపిక లేదు. పదో తరగతి తప్పిన తల్లి మళ్లీ లెక్కలు నేర్చుకుని వాడికి చెబుతుంది. నివేదా థామస్ తల్లి. మీ పిల్లలు చూశాక తప్పకుండా మిమ్మల్ని ఏదో ఒకటి అడుగుతారు. విసుక్కోకండి.

(ప్రశ్న: పాత సినిమాల్లో ప్రతి మాటా వినపడేది. ఇప్పుడు సాంకేతికత ఇంత పెరిగాక ఎందుకు వినపడటం లేదు?)

మంచి ప్రశ్న. అప్పట్లో స్టూడియో సెట్లోనే మాట రికార్డు చేసేవాళ్లు, నటులు చాలామంది నాటకాల నుంచి వచ్చినవాళ్లు. వెనక బెంచీకి వినపడేలా పలకడం వాళ్లకి చిన్నప్పటి అలవాటు. ఇంకోటి, తెర వెనక ఒక్కటే స్పీకరు దారి. మాటా, పాటా, చప్పుడూ అన్నీ ఆ ఒక్కదాంట్లోంచే రావాలి. మాట రావాలంటే సంగీతం పక్కకి తప్పుకోక తప్పదు. ఇప్పుడు హాలు చుట్టూ, నెత్తిమీద స్పీకర్లు. చోటు ఉంది కదా అని అన్నీ ఒకేసారి మోగిస్తున్నారు. దానికి తోడు నటులు సహజంగా ఉండాలని గొణుగుతారు. గొణగడం తప్పు కాదు, ‘కొట్టుక్కాళి’లో గొణిగినా నాకు వినపడింది, ఎందుకంటే దాని మీద ఇంకేదీ వేయలేదు.

(ప్రశ్న: మా అమ్మగారికి ఎనభై దాటాయి. టీవీలో ఓటీటీ పెడితే మాట వినపడక సౌండ్ పెంచమంటుంది, పాట రాగానే చెవులు మూసుకుంటుంది. ఏం చేయాలి?)

మా ఇంట్లోనూ ఇదే. చూడండి, హాలు కోసం మిక్స్ చేసినప్పుడు మాట నడిమి స్పీకరులో ఉంటుంది. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు, అవీ చాలావాటికి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అన్నిటినీ ఆ రెండింట్లో కుక్కేసరికి మాట అడుగున పడిపోతుంది. సినిమా ఆడుతుండగా ఆడియో ఎంపికలోకి వెళ్లండి. 5.1 అని ఉంటే, అంటే చుట్టూ స్పీకర్లున్నవాళ్ల కోసం చేసింది, దాన్ని వదిలి స్టీరియో, అంటే రెండు స్పీకర్లకి చేసింది ఉంటే అది పెట్టండి. టీవీ సౌండ్ సెట్టింగులో మాట స్పష్టంగా వినిపించే ఎంపిక చాలా టీవీలకి ఉంటుంది, రాత్రిపూట వాడుకునే ఎంపిక కూడా ఉంటుంది, అది పాటకీ మాటకీ తేడా తగ్గిస్తుంది. అప్పటికీ కుదరకపోతే మధ్య స్పీకరు ఉన్న సౌండ్‌బారు కొనండి, అమ్మగారి కుర్చీ టీవీకి ఎదురుగా, గోడకి దూరంగా వేయండి. ఈ హాలు ఖాళీ చేసేలోపు మీ టీవీ మోడల్ నాకు చెప్పండి, నా ఫోనులో చూసి ఏది నొక్కాలో రాసిస్తాను.